గీత అడిగితే గిన్నె గీయించాను

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కల సారుగా ఉన్నాను. "లెక్కలు చెప్పాను" అని రాయకుండా ఇలా ఎందుకు రాశానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవం చెప్పుండ్రి" అంటారు. వాళ్లకు కావలసింది ఏ బడికి బస్సు సౌకర్యం బాగుంది, ఏ అధికారికి కోపం ఎక్కువ అన్న సమాచారం. అది మెదక్ బస్టాండు ఎదురుగా ఏ టీకొట్టులో నిలబడ్డా దొరుకుతుంది. టీకొట్టు దగ్గర ఎవరూ చెప్పుకోని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను.

చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. పేజీని నాలుగు గడులుగా గీస్తాను. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, నేనేం చెప్పాను, అది వాళ్లకు అర్థమైందా. మొదటి మూడు గడులు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉంటాయి. నాలుగోది ఏళ్ల తరబడి ఖాళీ. తీరిక లేక ఖాళీగా ఉందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, అర్థమైందా అని అడగాలంటే నాకు భయం. "కాలేదు" అంటే మళ్లీ చెప్పాలి. మళ్లీ చెప్పాలంటే నాకు తెలిసి ఉండాలి.

పటేలు చేసిన హోంవర్కు

ఉద్యోగంలో మొదటి దెబ్బ నాకు ఒక తండ్రి చేతిలో తగిలింది. అప్పుడు చేగుంట దగ్గర ఒక బడిలో ఉన్నాను. ఏడో తరగతి పిల్లవాడొకడు భిన్నాల హోంవర్కు తెచ్చాడు. అక్షరాలు పెద్దవాళ్లవి, అదీ పొలం దున్నినంత బలంగా నొక్కి రాసినవి. ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు, జవాబు రెండు బై అయిదు. పేజీ నిండా అదే పద్ధతి. సున్నా వేసి పంపాను.

మర్నాడు మోటారు సైకిలు తరగతి గుమ్మం దాకా వచ్చి ఆగింది. పిల్లవాడి తండ్రి సత్తిరెడ్డి పటేలు. ముప్పై ఎకరాల ఆసామి, ఊరి పంచాయతీలన్నీ ఆయన అరుగు మీదే.

"సార్, ఆదివారమంత కూసొని చేసిన. సున్నా ఏస్తరా?"

"మీకు వెయ్యలేదు పటేలా, మీ పిలగానికి వేసిన."

"ఆనికేం తెల్సు? చేసింది నేను. ఏస్తే నాకెయ్యుండ్రి, ఆనికెందుకేస్తరు?"

తరగతి మొత్తం పగలబడి నవ్వింది. పటేలు నవ్వలేదు. నా చేతిలో సుద్దముక్క చూసి, "ఏంది తప్పు? పైన పైన కలిపిన, కింద కింద కలిపిన" అన్నాడు.

"అట్లా కలపరు పటేలా. అది రూలు."

"రూలు పక్కన పెట్టుండ్రి. మా ఊరి కబడ్డీ జట్టు మొన్న రెండు ఆటలాడి ఒకటి గెల్చింది. నిన్న మూడాడి ఒకటి గెల్చింది. మొత్తం అయిదాడినం, రెండు గెల్చినం. రెండు బై అయిదే గద? లెక్క సరిపాయె."

నిజంగానే సరిపోయింది. అయిదు ఆటల్లో రెండు గెలిచారు, అందులో అబద్ధమేముంది? "అది వేరే, ఇది వేరే" అన్నాను. ఏది చెప్పాలో తెలియనప్పుడు మా వృత్తిలో అందరం అనే మాట అది. పటేలు, "వేరే అయితె ఎట్ల వేరో చెప్పుండ్రి" అని అయిదు నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత నా మీద జాలిపడి వెళ్లిపోయాడు.

జవాబు సాయంత్రం బస్సులో తట్టింది. సగం రొట్టె చేతిలో ఉందనుకోండి. దానికి ఇంకో ముక్క కలిపితే సగం కన్నా ఎక్కువ కావాలి. రెండు బై అయిదు సగం కన్నా తక్కువ. రొట్టె మీద రొట్టె పెడితే తగ్గుతుందా? ఆటలు అలా కాదు. అక్కడ గెలిచినవీ ఆడినవీ రెండూ పెరుగుతాయి. ఒకే రొట్టెను కోయడం లేదు. ఈ మాట పటేలుకు చెప్పడానికి మళ్లీ వెళ్లానా? వెళ్లలేదు. లెక్కల సారు ఒకరోజు ఆలస్యంగా జవాబు తెచ్చాడంటే పరువు పోతుందనుకున్నాను.

తల్లిదండ్రుల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పిల్లల హోంవర్కు చేసే తల్లిదండ్రులను బడిలో తిట్టుకోవడం మనకొక కాలక్షేపం. కానీ వాళ్లు తప్పు చేసినా ఒక కారణంతో చేస్తారు, ఆ కారణం మొహాన కొట్టినట్టు చెప్తారు. పిల్లలు మనకు భయపడి కారణం దాచుకుంటారు. అందువల్ల ఒక పటేలు తప్పు నుంచి నేర్చుకునేది నలభై మంది పిల్లల ఒప్పుల నుంచి నేర్చుకోలేం.

ముప్పై అయిదు

తర్వాత మెదక్ పట్టణంలో ఒక బడికి వచ్చాను. అక్కడ ప్రధానోపాధ్యాయురాలు ఎస్తేరు మేడం. చర్చి కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. ఇస్త్రీ చీర, చేతిలో సన్నని బెత్తం. బెత్తం పిల్లల కోసం కాదని, ఆలస్యంగా వచ్చే సార్ల కోసమని బడిలో ఒక పుకారు ఉండేది. ఆమె ఆ పుకారును ఎన్నడూ ఖండించలేదు.

నేను చేరిన వారానికే పిలిచి, పదో తరగతిలో లెక్కలు రాని ముప్పై మంది పేర్లున్న కాగితం నా చేతిలో పెట్టారు.

"తెలివిగల్ల పోరగాండ్లకు చెప్తే గొప్పేముంది సార్? వాళ్లు మీరు లేకున్న పాసైతరు. వీళ్లను చూడుండ్రి. ఆడిపిల్ల పది ఫెయిలైందంటే ఇంట్ల కూసోబెడ్తరు. ఆమెకు లెక్కలొస్తయా రావా నేనడుగ. ముప్పై అయిదు రావాలె."

"నేర్పితే వస్తయి మేడం, కొంచెం టైం..."

"టైం నా దగ్గర లేదు, మీ దగ్గర లేదు. పాస్ చేయించుండ్రి. లెక్కలు తర్వాత నేర్చుకుంటరు."

ఆమె మాటలో కపటం లేదు. చదువు మాన్పించిన ఆడపిల్లల ఇళ్లకు నడిచి వెళ్లి, గుమ్మంలో కూర్చొని, పిల్లను పంపిస్తే గానీ లేవని మనిషి. నేను ఆమె మాట విన్నాను. విని, అందులో ప్రావీణ్యం సంపాదించాను. మెదక్‌లో నన్ను "ముప్పై అయిదు మార్కుల సారు" అనేవారు. ఆ బిరుదుకు నేను లోపల్లోపల మురిసిపోయేవాణ్ని కూడా.

నా పద్ధతి ఇది. పదో తరగతి పేపరులో గ్రాఫు ప్రశ్న ఒకటి ఖాయం. x స్క్వేర్ మైనస్ x మైనస్ ఆరు అనే బహుపది తరచుగా వస్తుంది. దాన్ని గీస్తే గిన్నె ఆకారం వస్తుంది. x మైనస్ మూడు నుంచి నాలుగు దాకా పోతే వచ్చే అంకెలు వరసగా ఇవి: ఆరు, సున్నా, మైనస్ నాలుగు, మైనస్ ఆరు, మైనస్ ఆరు, మైనస్ నాలుగు, సున్నా, ఆరు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. అందుకే దాన్ని ఎంచుకున్నాను. తలకిందులుగా గుర్తొచ్చినా తప్పు పోదు. ముప్పై మందీ రోజూ ప్రార్థన తర్వాత దాన్ని పాడేవారు. చుక్కలు ఎక్కడ పెట్టాలో చేతికి అలవాటయ్యేదాకా గీసేవారు. ఆ ఆరు ఎక్కడ నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లయితే ఆ ముప్పై మందిలో ఉండేవాళ్లు కాదు.

దీనికి తోడు రెండు జ్యామితి బొమ్మలు, నాలుగు నిర్వచనాలు. గిన్నె రాని ఏడాది కూడా అక్షాలు శుభ్రంగా గీసి, స్కేలు రాసి, చుక్కలు పెడితే జాలి గల పరీక్షకుడు కొంత వేస్తాడు. నేనూ పేపర్లు దిద్దినవాణ్నే, నేనూ వేశాను. మొత్తానికి పిల్లలు గట్టెక్కేవారు. వాళ్ల తల్లులు నాకు దండాలు పెట్టేవారు. నాలుగో గడి మాత్రం ఖాళీ.

రిటైరైతే లెక్కలు మారినయా?

రిటైరైన మరుసటి ఏడాది ఒకామె మా వసారాలోకి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. చేతిలో పాత నోటుబుక్కు, కొంగున కట్టిన తాళంచెవులు.

"నమస్తే సార్. నా పేరు యాదమ్మ. స్వప్న వాళ్ల అమ్మను. మా స్వప్నను మీరే గద పాస్ చేసింది? నన్ను గూడ జర చెయ్యుండ్రి."

స్వప్న నా ముప్పై మంది బ్యాచిలో ఒకతె. ఇప్పుడు బట్టల దుకాణంలో పనిచేస్తోంది.

"నేను రిటైరైన అమ్మా."

"రిటైరైతే లెక్కలు మారినయా సార్?"

కుర్చీ చూపించాను. యాదమ్మ మా పేట పక్కనే ఉన్న అంగన్‌వాడీలో ఆయా. పిల్లలను ఇళ్ల నుంచి తేవడం, వండిపెట్టడం, ముక్కులు తుడవడం, ఊడవడం, పదకొండేళ్లుగా అదే పని. ఆ కేంద్రంలో టీచరు త్వరలో ఉద్యోగం నుంచి దిగిపోతోంది. పది పాసైన ఆయాకు ఆ కుర్చీ దక్కే అవకాశం ఉంది. ఇప్పుడు ఇంటర్ అడుగుతున్నారట, అప్పుడు పది చాలు. యాదమ్మ ఓపెన్ స్కూల్‌లో పది కట్టింది. తెలుగు, సాంఘికం, సైన్సు అన్నీ పాసైంది. లెక్కలు ఒక్కటే మిగిలింది.

"కుర్సీ మా సెంటర్లనే ఉన్నది సార్. రోజు నేనే తుడుస్త. కూసునుడే తక్వ" అంది.

రోజూ నాలుగు గంటలకు రమ్మన్నాను. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని, శిక్షణ తరగతుల్లో నేర్పిన చిట్కా బయటికి తీశాను. నేర్చుకునేవాళ్ల జీవితంలోంచి ఉదాహరణ తీసుకోవాలట.

"యాదమ్మా, మీ సెంటర్ల ఇరవై నాలుగు మంది పిల్లలు. ఒక్కొక్కరికి రోజుకో గుడ్డు. పది రోజులకెన్ని?"

"రెండొందల నలభై. గుడ్ల లెక్క నాకొస్తది సార్. గుడ్లల్ల x ఏడుంది?"

"గుడ్లెన్నో మనకు తెల్వదనుకో. దాన్ని x అందాం."

"ఎందుకు తెల్వదు? ట్రేలు ముందల్నే ఉంటయి. లెక్కపెట్టుకుంట గద."

"అనుకోవమ్మా."

"అనుకుంటె అయితదా సార్? సూపర్‌వైజర్ మేడమొచ్చి గుడ్లెన్నున్నయ్ అంటె, x ఉన్నయి మేడం అంటె ఊకుంటదా?"

గుడ్లు వదిలేశాను. మైనస్ ఇంటు మైనస్ ప్లస్ ఎందుకవుతుందని ఆమె అడిగింది. దీనికి ముప్పై నాలుగేళ్లుగా నా దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటుంది. శత్రువుకు శత్రువు మిత్రుడు. చెప్పాను.

యాదమ్మ ఒప్పుకోలేదు. "మా అత్తకు నాకు పడది. మా అత్తకు మా తోటికోడలికి గూడ పడది. గట్లని తోటికోడలు నాకు దోస్తయితదా సార్? ఇద్దరు గల్సి నన్నే తింటరు."

లోపల కాఫీ పెడుతున్న నా భార్య నవ్వు వసారాలోకి వినిపించింది. ఆ శత్రువు మిత్రుడి జవాబు విని వందల మంది పిల్లలు తలూపారు. ఇంట్లో అత్తా తోటికోడలూ ఉన్న మనిషి మొదటి రోజే దాన్ని పడగొట్టింది.

ఇక్కడ నేను ఆగి ఆలోచించవలసింది. ఆగలేదు. పరీక్ష మూడు నెలల్లో ఉంది, నా చేతిలో ఎప్పుడూ తప్పని మందు ఉంది. గిన్నె బయటికి తీశాను.

ఆరు, సున్నా, మైనస్ నాలుగు. యాదమ్మ పప్పు కడుగుతూ చదివింది, ఊడుస్తూ చదివింది. కేంద్రంలో పిల్లలకు కూడా వచ్చేసిందట. ఒకరోజు ఆమె, "సార్, గీ ఆరు ఏడికెల్లి వచ్చింది?" అని అడిగింది.

"రావలసిన కాడికెల్లే వచ్చింది. నువ్వు గీయి."

ఇది నా వాక్యమే. ఆ రోజు డైరీలో మూడో గడిలో ఉంది. ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్లు దీన్ని రెండుసార్లు చదవాలి.

తూయకుండ పెట్టిన చుక్క

ఫలితాలు వచ్చిన రోజు యాదమ్మ నాలుగు గంటలకే వచ్చింది. ఎప్పటిలాగే కూర్చుంది. ఇరవై ఎనిమిది మార్కులు. ప్రశ్నపత్రం మడత విప్పి నా ముందు పెట్టింది.

గ్రాఫు ప్రశ్న ఉంది. రెండు x ప్లస్ y ఈక్వల్స్ ఆరు, దీని గ్రాఫు గీయండి. దాన్ని గీస్తే సరళరేఖ వస్తుంది. స్కేలు పెట్టి ఒక గీత.

"ఏం గీసినవ్ యాదమ్మా?"

"మీరు చెప్పిందే."

"గిన్నెనా?"

"గిన్నే. మస్తు మంచిగొచ్చింది సార్. నా పక్కకు కూసున్నామె స్కేలు వెట్టి గీత గీస్తుంటె, అయ్యో పాపం, ఈమెకు తెల్వదు అనుకున్న."

తప్పు ఎవరిదో చెప్పడానికి డైరీ తిప్పనక్కరలేదు. ఓపెన్ స్కూల్ పేపరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. బడి పేపర్ల అలవాటుతో ఆమెకు నా పాత మందే పోశాను. రోగమేమిటో చూడని వైద్యుణ్ని ఊళ్లో తంతారు. లెక్కల సారును తన్నరు, అదొక్కటే ఈ వృత్తిలో సుఖం.

యాదమ్మ కోపంగా లేదు. అదే నాకు కష్టమనిపించింది.

"రాత్రి స్వప్ననడిగిన, గిన్నేందే అని. నాకేం తెల్సమ్మా, సార్ గీయమన్నడు, గీసిన అన్నది. అది పాసైంది, నేను ఫెయిలైన. తెల్వనిది ఇద్దరికి తెల్వదు. గంతే ఫరకు."

ప్రశ్నపత్రం మడిచి మళ్లీ అంది. "ఇంకొక్కసారి రాస్త సార్. గీసారి గ్రాఫంటె ఏందో చెప్పుండ్రి. గీసుడు తర్వాత."

కాగితం తీశాను. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. అడ్డగీత మీద x, నిలువుగీత మీద y అని రాశాను. "x ఒకటి అయితే y నాలుగు" అంటూ ఒకటి దగ్గర నుంచి పైకి, నాలుగు దగ్గర నుంచి పక్కకు వేలు జరిపి, రెండూ కలిసినచోట చుక్క పెట్టబోయాను.

"ఆగుండ్రి సార్." యాదమ్మ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. "కింద నెలలు, పక్కకు కిలోలా?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. అంగన్‌వాడీలో ప్రతి బిడ్డకూ ఒక చార్టు ఉంటుంది. నెలనెలా బిడ్డను జోలెలో వేసి తూస్తారు. జోలె పట్టుకునేది యాదమ్మే. కింద బిడ్డ వయసు చూసి, పక్కన బరువు చూసి, రెండూ కలిసేచోట టీచరు చుక్క పెడుతుంది. చుక్క పచ్చరంగులో పడితే బిడ్డ మంచిగున్నట్టు, పసుపులో పడితే జాగ్రత్త, ఎరుపులో పడితే దవాఖాన.

"పదకొండేండ్ల సంది చూస్తున్న సార్. చుక్క తప్పు కాడ పెడితే టీచరమ్మకు నేనే చెప్త. గ్రాఫంటే గిదేనా?"

"గిదే" అన్నాను.

నేను చుక్క పెట్టబోయిన చోట ఆమె వేలు పెట్టింది. తర్వాత తలెత్తి అడిగింది. "మరి మీరు నాతోటి బిడ్డను తూయకుండనే చుక్కలు పెట్టించిండ్రు గద సార్?"

ముప్పై నాలుగేళ్లలో నా మీద చాలామంది తనిఖీకి వచ్చారు. ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు.

గీత కిందికి దిగితే

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఆరో తరగతి పుస్తకం నుంచి. పాత ప్రశ్నపత్రాలు తెప్పించి మొదట నేను చేశాను. రెండింట్లో నాకే తప్పులు పోయాయి. ఆమెకు చూపించాను. ఆమె సంబరపడింది.

రెండు x ప్లస్ y ఈక్వల్స్ ఆరు ఆమే గీసింది. x సున్నా అయితే y ఆరు. ఒకటైతే నాలుగు. రెండైతే రెండు. మూడైతే సున్నా. చుక్కలు కలిపి, గీత కిందికి జారడం చూసి మొహం చిట్లించింది.

"గీ బిడ్డను రెండో నెలనే దవాఖానకు తోలాలె సార్. మూడో నెలకు సున్నా అంటె ఇంక బిడ్డేడిది?"

"x నాలుగైతే?"

లెక్క కట్టింది. "మైనస్ రెండు." పెన్ను కింద పెట్టింది. "మా చార్టు ఈడ ఖతమైంది సార్. సున్న కింద బరువుండది. ఈడికెల్లి మీరు చెప్పాలె."

ఉదాహరణల గురించి నాకు తెలిసినదంతా ఆ మాటలో ఉంది. గుడ్లు నేను తెచ్చినవి, అవి ఆమెకు పనికిరాలేదు. చార్టు ఆమె తెచ్చుకుంది. అది ఎంత దూరం వస్తుందో కూడా ఆమెకే తెలిసింది. అక్కడిదాకా వచ్చాక సారు అవసరం. శిక్షణ తరగతుల్లో ఉదాహరణ ఇవ్వమంటారు. అవతలి మనిషి రోజూ చేసే పనిలో లెక్క ఎక్కడుందో ముందు అడగమని ఎవరూ చెప్పరు. ఆమె నా వసారాలో మూడు నెలలు కూర్చుంది. నేను ఒక్కసారి కూడా అడగలేదు.

మైనస్ ఇంటు మైనస్ మళ్లీ వచ్చింది. ఈసారి శత్రువులనూ మిత్రులనూ పిలవలేదు. రెండు రోజులు ఆలోచించి, కాగితం మీద వరసగా రాశాను. మూడు ఇంటు మైనస్ రెండు, మైనస్ ఆరు. రెండు ఇంటు మైనస్ రెండు, మైనస్ నాలుగు. ఒకటి ఇంటు మైనస్ రెండు, మైనస్ రెండు. సున్నా ఇంటు మైనస్ రెండు, సున్నా.

"జవాబులు చూడు. ఎట్ల పోతున్నయి?"

"రెండు రెండు పెరుగుతున్నయి."

"సున్నా తర్వాత కిందికి దిగితే మైనస్ ఒకటి. మైనస్ ఒకటి ఇంటు మైనస్ రెండు?"

"గదే తీర్గ పెరగాలె గద. రెండు." ఆగింది. "ప్లస్ రెండు! గిదేందీ, గింతేనా? గిదానికి మా అత్తను తోటికోడల్ను ఎందుకు లాగిండ్రు సార్?"

ఆ రోజు నాలుగో గడి నింపాను.

బస్టాండులో

రెండోసారి యాదమ్మకు నలభై ఏడు వచ్చాయి. గ్రాఫు ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చి ఉంటాయని ఆమె నమ్మకం, నాదీ అదే.

కానీ ఆ రెండు పరీక్షల మధ్య వానాకాలంలో ఆమె కేంద్రం టీచరు దిగిపోయింది. కుర్చీ ఖాళీగా ఉంచరు కదా. అప్పటికే పది పాసైన ఇంకో పేట ఆయాకు అది వెళ్లింది. ఆ కొత్త టీచరు కింద యాదమ్మ మరో ఏడాది ఆయాగానే చేసింది. అదే కుర్చీ తుడిచింది. తర్వాత కుల్చారం అవతల ఒక ఊళ్లో ఖాళీ ఏర్పడితే ఈమెకు టీచరుగా ఇచ్చారు.

ఒకరోజు పొద్దున నడకకు వెళ్తే బస్టాండులో కనిపించింది. కొత్త చీర, చేతిసంచీలో రిజిస్టరు. నన్ను చూసి లేచి నిలబడింది.

"మస్తు ఖుషీగున్న సార్. పిల్లలు టీచరమ్మా అంటుండ్రు. ఇప్పుడు చుక్క నేనే పెడుతున్న."

"మంచిదమ్మా."

"కని ఒక మాటంట, ఏమనుకోవద్దు."

"అను."

"గా రెండోసారి చెప్పింది మొదలే చెప్పుంటే, నేను ఇంటికాడికెల్లి నడ్సుకుంట పోదును. గీ బస్సు మీ గిన్నె పుణ్యం సార్."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీలోంచి చెయ్యూపింది. రాను పోను ఎంత సేపో నాకు తెలుసు. ఇంట్లో వంట ఎప్పుడు మొదలుపెడుతుందో బస్సు రాకముందే చెప్పింది. మెదక్‌లో నన్ను ముప్పై అయిదు మార్కుల సారు అని పిలిచినవాళ్లెవరూ ఆ బస్సులో లేరు.

కొత్తవాళ్లకు నా తీర్పు ఇదీ. ఎస్తేరు మేడం తప్పు చెప్పలేదు. పిల్ల చదువు ఆగిపోతుందంటే గిన్నె గీయించండి, నేను మీ పక్షమే. కానీ ఆమె మాటలో రెండో సగం ఉంది, "లెక్కలు తర్వాత నేర్చుకుంటరు" అని. ఆ తర్వాత ఎప్పుడు, ఎవరు, ఎక్కడ నేర్పుతారు? ఆ ప్రశ్న నేను ఆమెను అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. స్వప్న ఈ ఊళ్లోనే ఉంది. నేను రోజూ ఆమె పనిచేసే బట్టల దుకాణం ముందు నుంచే వెళ్తాను.

పోయిన నెల మా వసారాలోకి ఇద్దరు ఆయాలు వచ్చారు. ఒకామె పెద్దది, ఒకామె కొత్తగా చేరింది. ఇద్దరూ పది కట్టారు. కూర్చోకముందే పెద్దామె అంది.

"సార్, మొదలొక మాట. మీరు గిన్నె బొమ్మ ఇస్తరట గద. అది తీసుకోకుండ్రి అని యాదక్క చెప్పింది."

"ఇంకేం చెప్పింది?"

"సార్ మంచోడే, కని ఎందుకు ఎందుకు అని అడుక్కుంటనే ఉండాలె, అడుగకుంటె దాటిస్తడు అన్నది."

చిన్నామె నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీలో ప్రశ్నలు ముందే రాసుకొని వచ్చింది. యాదమ్మ రాయించి ఉంటుంది. మొదటిది చదివింది. "ఏ నంబరునైనా సున్నాతోటి ఎందుకు భాగించొద్దు సార్?"

"అది రూలు" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"రేపు రాండ్రి. నేను జర చదువుకొని చెప్త" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దామె కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకొని కూర్చుంది.

"రేపటిదాంక ఎందుకు సార్? ఈడనే చదువుకోండ్రి. మేం కూసుంటం."